లైబ్రరీ వర్క్‌షాప్‌కి వెళ్తున్నారా? సర్టిఫికెట్‌తో పాటు చాప్టర్ కూడా కదలాలంటే

"లైబ్రరీవాళ్లు రీసెర్చ్ రైటింగ్ వర్క్‌షాప్ పెడుతున్నారు, వెళ్లమంటారా?" అని అడిగేవాళ్లకి వెళ్లమనే చెబుతుంటాను. నెల తర్వాత అదే మనిషి కనిపించి "వెళ్లాను, బాగానే ఉంది, కానీ ఏం చేశామో గుర్తులేదు" అంటాడు. ఇలా చాలామంది అన్నాక ఇది రాస్తున్నాను. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఇందిరాగాంధీ మెమోరియల్ లైబ్రరీ అయినా, ఉస్మానియా లైబ్రరీ అయినా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), మనూ (ఉర్దూ యూనివర్సిటీ) లైబ్రరీలైనా పద్ధతి ఒకటే. పీజీ డిసర్టేషన్ రాసేవాళ్లకీ పీహెచ్‌డీ స్కాలర్లకీ ఇది పనికొస్తుంది.

చెప్పేది అర్థం కావడానికి మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ వాడతాను: మూసీ మురుగునీటితో పశువుల గడ్డి పెంచే రైతుల మీద పరిశోధన. మీ టాపిక్ వేరే ఉంటుంది. దాన్ని ఇక్కడ పెట్టుకుని చదవండి.

1. ముందు ఏ వర్క్‌షాప్ కావాలో తేల్చుకోండి

పోస్టర్ మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల జరిగేది మాత్రం నాలుగైదు రకాలు: డేటాబేస్‌లలో వెతకడం, రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్, అకడమిక్ రాత, సిమిలారిటీ చెకింగ్ (మన రాత ఇతరుల రాతతో ఎంత కలుస్తుందో చూడటం, అంటే ప్లేజియరిజం పరీక్ష), జర్నల్ ఎంచుకుని పేపర్ పంపడం.

మీరున్న దశని బట్టి ఎంచుకోండి. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇంకా ఇవ్వకపోతే వెతకడం నేర్పేదానికి వెళ్లండి. ఒక చాప్టరైనా చిత్తుగా రాసి ఉంటేనే రాత సెషన్ ఉపయోగం. థీసిస్ సబ్మిషన్ వారంలో సిమిలారిటీ సెషన్‌కి వెళ్తే టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేం ఉండదు. అది ఆరు నెలల ముందు చేయాల్సిన పని.

ఒక విషయంలో పొరపాటు పడకండి. పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో యూజీసీ తప్పనిసరి చేసిన రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ వేరు, అది రెండు క్రెడిట్లు, 30 గంటలు. లైబ్రరీ వర్క్‌షాప్ సర్టిఫికెట్ దానికి బదులుగా చెల్లదు.

రిజిస్టర్ చేసేముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి:

- కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని చేయిస్తారా, సెమినార్ హాల్లో స్లైడ్లు చూపిస్తారా?
- బయటి కాలేజీవాళ్లని రానిస్తారా? ఫీజు ఉందా?
- సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలా?

రెండు వర్క్‌షాప్‌లలో ఒకటే కుదిరితే, చేయించేదానికే వెళ్లండి. స్లైడ్లు తర్వాత పీడీఎఫ్‌గా దొరుకుతాయి.

2. వారం ముందు: టాపిక్‌ని ఒక ప్రశ్నగా మార్చండి

వర్క్‌షాప్ సగం ఇక్కడే గెలుస్తాం, లేదా పోగొట్టుకుంటాం. చాలామంది "మూసీ కాలుష్యం" అనే రెండు మాటలతో వచ్చి కూర్చుంటారు. వెతికితే వేలల్లో ఫలితాలు వస్తాయి. ఏది చూడాలో తెలియక ట్రైనర్ చూపించిన ఉదాహరణనే కాపీ చేసి వెళ్లిపోతారు.

ఒక తెల్లకాగితం తీసుకుని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోందని అడుగుతున్నాం అనే నాలుగు గళ్లూ నింపండి. మన ఉదాహరణలో ఇలా వస్తుంది: "2000 తర్వాత, హైదరాబాద్ దిగువన మూసీ నీటితో గడ్డి పెంచుతున్న రైతులు ఆ సాగునే ఎందుకు ఎంచుకున్నారు?" ఇది గొప్ప ప్రశ్న అయ్యుండక్కర్లేదు. దీంట్లోంచి వెతకాల్సిన మాటలు బయటికొస్తే చాలు.

తీసుకెళ్లాల్సినవి:

- ఆ ఒక్క ప్రశ్న రాసిన కాగితం
- ఇప్పటికే చదివిన పేపర్లు అయిదు, పీడీఎఫ్ రూపంలో
- మీరు రాసిన ఒక్క పేజీ, ఎంత చెత్తగా ఉన్నా సరే
- మీ డిపార్ట్‌మెంట్ ఏ రిఫరెన్స్ స్టైల్ అడుగుతుందో (ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో), ఏ ఎడిషనో

చివరిది గైడ్‌ని అడిగి తెలుసుకోండి. "సార్, మనం ఏపీఏ ఏడో ఎడిషనేనా?" అని ఒక్క మెసేజ్ పెడితే అయిపోయేదానికి సబ్మిషన్ ముందు రెండు వందల ఎంట్రీలు తిరగరాసినవాళ్లని చూశాను. వాళ్లలో నేనొకణ్ణి.

3. ముందురోజు రాత్రి

రిఫరెన్సులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ జోటెరో, వెబ్‌పేజీ నుంచి పేపర్ వివరాలు అందులోకి లాగే దాని బ్రౌజర్ కనెక్టర్ ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి. నలభైమంది ఒకేసారి ల్యాబ్ వైఫై మీద డౌన్‌లోడ్ మొదలుపెడితే మొదటి గంట అందులోనే పోతుంది.

ఇంటినుంచే లైబ్రరీ డేటాబేస్‌లు తెరిచే యూనివర్సిటీ రిమోట్ లాగిన్ పాస్‌వర్డ్ ఒకసారి పెట్టి చూడండి. ఎప్పుడూ వాడనివాళ్లది సరిగ్గా ఆ రోజే పనిచేయదు. ఐడీ కార్డు, చార్జర్ సంచిలో వేసుకోండి. ప్లగ్ పాయింట్లు గోడ పక్కనే ఉంటాయి కాబట్టి పది నిమిషాలు ముందు వెళ్లండి. సెంట్రల్ యూనివర్సిటీకి మొదటిసారి వెళ్తుంటే మెయిన్ గేటు దగ్గర దిగగానే చేరిపోయామనుకోకండి. లోపల ఇంకా చాలా దూరం ఉంది.

4. వెతికే సెషన్: ఇక్కడే ఎక్కువ మనసు పెట్టండి

ట్రైనర్ ఆండ్, ఆర్, నాట్ అని మూడు మాటలు చెబుతారు. ఆండ్ పెడితే ఫలితాలు తగ్గుతాయి, ఆర్ పెడితే పెరుగుతాయి, నాట్ పెడితే వద్దన్నవి పోతాయి. పదాల గుంపుని కొటేషన్ గుర్తుల్లో పెడితే అదే వరుసలో వెతుకుతుంది. ఇంతవరకూ ఎక్కడైనా నేర్పుతారు. మన ప్రాంతం మీద పనిచేసేవాళ్లకి అసలు చిక్కు వేరే చోట ఉంది, పేర్లలో.

*స్పెల్లింగులు.* మూసీని ఇంగ్లిష్‌లో "ఎం-యు-ఎస్-ఐ" అని రాసినవాళ్లున్నారు, "ఎం-ఓ-ఓ-ఎస్-ఐ" అని రాసినవాళ్లూ ఉన్నారు. ఒక్కటే కొడితే రెండోవాళ్ల పేపర్లు కనబడవు. రెండింటి మధ్యా ఆర్ పెట్టండి. ఊళ్ల పేర్లకీ ఇంతే.

*మారిన సరిహద్దులు.* తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. అంతకుముందు పేపర్లన్నీ "ఆంధ్రప్రదేశ్" కింద ఉంటాయి. పది జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో 33. మూసీ పక్కనున్న పీర్జాదిగూడ ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. 2011 జనాభా లెక్కల్లో మాత్రం రంగారెడ్డి కింద వెతకాలి. ఆ రంగారెడ్డి జిల్లా కూడా 1978లోనే పుట్టింది. ఇంకా పాత రిపోర్టయితే హైదరాబాద్ జిల్లాలో చూడాలి. జిల్లా పేరుతో వెతికి "ఏమీ లేదండీ" అనేవాళ్లలో చాలామంది ఈ ఒక్క కారణంతోనే ఆగిపోతారు.

*శాస్త్రీయ నామాలు.* మూసీ ఒడ్డున పెంచేది పారా గడ్డి. దాని శాస్త్రీయ నామం పాత పేపర్లలో బ్రాకియేరియా మ్యూటికా, కొత్తవాటిలో ఉరోక్లోవా మ్యూటికా. మొక్కలు, జీవుల మీద పనిచేసేవాళ్లు పాత పేరూ కొత్త పేరూ రెండూ పెట్టి తీరాలి.

*సమానార్థాలు.* మురుగునీరు అనేదానికి ఇంగ్లిష్‌లో వేస్ట్‌వాటర్, సీవేజ్, ఎఫ్లుయెంట్ అని మూడు మాటలున్నాయి. ఇంజనీర్లు ఒకటి వాడతారు, సోషల్ సైన్స్‌వాళ్లు ఇంకొకటి.

ఇప్పుడు పని వరుస:

1. ప్రశ్నలోంచి మూడు ముఖ్యమైన మాటలు తీయండి (మూసీ, మురుగునీరు, గడ్డి).
2. ఒక్కో మాట కింద నిలువుగా దాని మారుపేర్లన్నీ రాయండి.
3. నిలువు వరుసలో ఉన్నవాటి మధ్య ఆర్ పెట్టి బ్రాకెట్లలో ఉంచండి.
4. బ్రాకెట్ల మధ్య ఆండ్ పెట్టండి.
5. అదే వాక్యాన్ని కనీసం రెండుచోట్ల కొట్టండి. స్కోపస్ లాంటి డేటాబేస్ ఒకటి, గూగుల్ స్కాలర్ ఒకటి.
6. ఏ తేదీన, ఎక్కడ, ఏం కొడితే ఎన్ని వచ్చాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆర్ అనే మాటని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కొట్టాలి, లేకపోతే గూగుల్ స్కాలర్ దాన్ని పట్టించుకోదు. డేటాబేస్‌లలో పదం చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ పదం అన్ని రూపాలూ వస్తాయి. గూగుల్ స్కాలర్‌లో ఆ ఉపాయం పనిచేయదు.

ఆరో అంకె చూసి నవ్వుకోకండి. "లిటరేచర్ ఎలా వెతికావమ్మా?" అని వైవాలో అడిగినప్పుడు ఆ నోట్‌బుక్కే సమాధానం.

థీసిస్‌ల కోసం శోధ్‌గంగ చూడండి, మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉండే చోటు అది. మీ టాపిక్ మీద ఎవరైనా ఇప్పటికే చేసేశారా అన్నది అక్కడే తేలుతుంది. సినాప్సిస్‌ల కోసం శోధ్‌గంగోత్రి ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 పబ్లిషర్ల జర్నల్స్ తెరుచుకున్నాయి. "మా లైబ్రరీలో ఆ జర్నల్ లేదు" అని పాత అలవాటుకొద్దీ వదిలేసే ముందు ఒకసారి మళ్లీ చూడండి.

ఆన్‌లైన్‌లో లేని సరుకు కూడా నగరంలోనే ఉంది. పాత పత్రికలు, పుస్తకాలకి మూసీ ఒడ్డునే ఉన్న అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, నిజాం కాలపు ప్రభుత్వ కాగితాలకి తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. వెళ్లేముందు గైడ్ సంతకంతో ఒక పరిచయ లేఖ రాయించుకోండి. అది లేక వెనక్కి రావడం ఆర్టీసీ బస్సులో చాలా పొడుగు ప్రయాణంలా అనిపిస్తుంది.

5. రిఫరెన్సుల సెషన్: ఇంటిపేరుతో వచ్చే తంటా

జోటెరో ఉచితం. ఆన్‌లైన్ నిల్వ 300 ఎంబీ వరకూ ఊరికే ఇస్తారు. పీడీఎఫ్‌లు ఎక్కువైతే అది తొందరగా నిండిపోతుంది, ఫైళ్లని సొంత హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుని ఎంట్రీలని మాత్రం సింక్ చేసుకోండి.

ఇక అసలు తంటా. ఇంగ్లిష్ పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది, మనకి ముందు. "కొత్తపల్లి శ్రీనివాసరావు" అనే రచయిత ఉన్నాడనుకుందాం. సాఫ్ట్‌వేర్ చివరి మాటని ఇంటిపేరు అనుకుని "శ్రీనివాసరావు, కె." అని పెడుతుంది. ఇంకో డేటాబేస్‌లో "రావు, కె. ఎస్." అని ఉంటుంది. మూడోచోట "కొత్తపల్లి, ఎస్.". మీ రిఫరెన్స్ లిస్టులో ఒకే మనిషి ముగ్గురైపోతాడు, అక్షర క్రమంలో మూడుచోట్ల కూర్చుంటాడు.

సరిచేయడం ఇలా:

1. ఎంట్రీ తెరిచి పేరు గడులు చూడండి. ఇంటిపేరు గడిలో ఏది ఉండాలో మీరే నిర్ణయించి అన్నిచోట్లా అదే పెట్టండి.
2. తెలుగు పుస్తకాలకి పేరు విడగొట్టకుండా మొత్తం ఒకే గడిలో పెట్టే వీలుంది. పేరు పక్కనున్న బటన్‌తో మారుతుంది. తెలుగు థీసిస్‌కి నేనిదే వాడమంటాను.
3. "డూప్లికేట్ ఐటమ్స్" తెరిచి రెండుసార్లు పడినవాటిని కలిపేయండి.
4. గూగుల్ స్కాలర్ నుంచి వచ్చిన ప్రతి ఎంట్రీలో సంవత్సరం, సంచిక, పేజీలు కళ్లతో చూసుకోండి. అక్కడ తప్పులు ఎక్కువ.

మీ సొంత పేరు విషయం కూడా అదే రోజు తేల్చేసుకోండి. ఆర్కిడ్ నంబర్ (పేరు ఎలా రాసినా పరిశోధకుణ్ణి గుర్తుపట్టే ఐడీ) తీసుకోండి, 16 అంకెలు, ఉచితం, పది నిమిషాల పని. మొదటి పేపర్ మీద పేరు ఎలా వేస్తారో చివరిదాకా అలాగే వేయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అని ఆలోచించే అమ్మాయిలకి ఈ నంబర్ మరీ ముఖ్యం.

వర్డ్ ఫైల్లో జోటెరో పెట్టిన సైటేషన్‌ని చేత్తో దిద్దకండి, తర్వాత రిఫ్రెష్ అయినప్పుడు మీ దిద్దుబాటు పోతుంది. మార్పు ఏదైనా జోటెరోలోనే చేయండి. జోటెరోతో లింకు తెంచేసే "అన్‌లింక్ సైటేషన్స్" నొక్కేముందు ఫైల్ ఇంకో కాపీ తీసుకోండి, వెనక్కి రావడం కుదరదు.

6. రాత సెషన్: మాటలు మార్చితే సొంతం అయిపోదు

మీరు తీసుకెళ్లిన ఒక్క పేజీ ఇప్పుడు బయటికి తీయండి. ఒక మూల వాక్యం ఇలా ఉందనుకుందాం:

"మురుగునీటితో సాగయ్యే గడ్డి ఏడాది పొడవునా కోతకు రావడం వల్ల రైతుకు నిలకడైన ఆదాయం లభిస్తోంది."

చాలామంది దీన్ని ఇలా "సొంతంగా" రాస్తారు:

"మురుగునీటితో పెరిగే పశుగ్రాసం సంవత్సరమంతా కోతకు వస్తుండటం వల్ల రైతుకు స్థిరమైన ఆదాయం దొరుకుతోంది."

ఎముకలు అవే, తొడుగు మార్చారంతే. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా చదివే ప్రొఫెసర్ పట్టుకుంటారు. మూల వాక్యం మూసేసి, "ఇది నా పనికి ఎందుకు కావాలి?" అని అడుక్కుని రాస్తే ఇలా వస్తుంది:

"వరి రైతు డబ్బు చూడాలంటే పంట చేతికొచ్చేదాకా ఆగాలి. మూసీ గడ్డి రైతుకి ఆ ఎదురుచూపు లేదని ఫలానా అధ్యయనం చూపింది. ధర రోజురోజుకీ ఎలా మారుతుందో మాత్రం అందులో లేదు. ఈ అధ్యాయం దాన్ని పరిశీలిస్తుంది."

సైటేషన్ దీనికీ పెట్టాలి. ఆలోచన వాళ్లది కదా.

సిమిలారిటీ అంకెల గురించి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌కి:

- 10 శాతం వరకూ: శిక్ష లేదు
- 10 దాటి 40 వరకూ: సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, గడువు 6 నెలలు మించకూడదు
- 40 దాటి 60 వరకూ: ఏడాదిపాటు సరిదిద్దిన థీసిస్ ఇవ్వనివ్వరు
- 60 దాటితే: రిజిస్ట్రేషన్ రద్దు

సరైన మూలం చూపిన కొటేషన్లు, రిఫరెన్స్ లిస్టు, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. వరుసగా 14 మాటల వరకూ ఉండే సాధారణ పదబంధాలని కూడా వదిలేస్తారు. కాబట్టి రిపోర్ట్ చేతికొచ్చినప్పుడు మొదట చూడాల్సింది శాతం పక్కనున్న సెట్టింగులు. ఇవన్నీ తీసేశారా లేదా అని లైబ్రరీవాళ్లని అడగండి. తర్వాత రంగు పడిన ప్రతి పేరానీ విడిగా చదవండి. అయిదు శాతమే వచ్చినా అది ఒకే పేరాలో పోగుపడి ఉంటే ఆ పేరా తిరగరాయాల్సిందే.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. అను ఫాంట్లలో టైప్ చేయించిన చాప్టర్ తెరమీద తెలుగులా కనిపిస్తుంది కానీ కంప్యూటర్‌కి అది గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలే. వెతకలేం, సిమిలారిటీ చూడలేం, జోటెరోతో కలవదు. మొదటి చాప్టర్ నుంచే యూనికోడ్‌లో టైప్ చేయండి. ఇప్పటికే అనులో ఉంటే కన్వర్టర్‌తో మార్చి, వత్తులూ పొల్లులూ చెడిపోయాయేమో ఒక్కో పేజీ దిద్దుకోండి. డీటీపీ చేసేవాళ్లకి యూనికోడ్‌లోనే కావాలని మొదటే చెప్పాలి, చివర్లో చెబితే మళ్లీ డబ్బులు.

7. జర్నల్ ఎంపిక

దీని మీద గంట సెషన్ ఉంటుంది, ముఖ్యమైనవి రెండే. యూజీసీ ఆమోదించిన జర్నల్స్ జాబితా, కేర్ లిస్టు, ఇప్పుడు లేదు, 2025లో ఎత్తేశారు. "కేర్ లిస్టెడ్" అని ఇంకా ప్రచారం చేసుకునే జర్నల్‌ని అనుమానించండి. రెండు, "నాలుగు రోజుల్లో పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి" అని వాట్సాప్‌లో వచ్చేదానికి జవాబే ఇవ్వకండి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరి పేరు వాళ్ల యూనివర్సిటీ పేజీలో వెతకండి. ఆ బాధ్యత గురించి వాళ్లు అక్కడ రాసుకున్నారో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు అలాగే పెట్టేయడం.* పేరు, సంవత్సరం, జర్నల్ అన్నీ నిజంలాగే ఉంటాయి, పేపర్ మాత్రం ఉండదు. ప్రతిదానికీ డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ నంబర్) తెరిచి చూడండి. తెరుచుకోకపోతే, లైబ్రరీ కేటలాగ్‌లోనూ దొరక్కపోతే తీసేయండి.

*అడగడానికి మొహమాటం.* టీ విరామంలో లైబ్రేరియన్ ఒంటరిగా దొరుకుతారు. "సార్, నాకు ఏదైనా మెటీరియల్ ఉంటే చెప్పండి" అంటే ఆయనేం చెప్పగలరు? "మేడమ్, ఈ మూడు మాటలతో వెతికితే ఇంజనీరింగ్ పేపర్లే వస్తున్నాయి, రైతుల జీవనం మీద ఎక్కడ చూడాలి?" అని కాగితం చూపించండి. టాపిక్ బాగుందా లేదా అని మాత్రం అడగొద్దు, అది గైడ్ చెప్పాల్సింది.

*అల్మరా దగ్గరికి వెళ్లకపోవడం.* కేటలాగ్‌లో ఒక పుస్తకం దొరికితే దాని నంబర్ రాసుకుని ఆ వరుసకి నడవండి. పుస్తకాలని విషయం వారీగా అంకెలతో అమర్చే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. వెతకని పుస్తకం పక్కనే కనబడటం అక్కడే జరుగుతుంది.

*ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి, ఈ-సర్టిఫికెట్ దాచుకుని, ఫైల్ మూసేయడం.* దీనికి మందు తర్వాతి శీర్షికలో ఉంది.

9. తర్వాతి మూడు రోజులు

మొదటి రోజు సాయంత్రం: ల్యాబ్‌లో కట్టిన సెర్చ్ వాక్యాన్ని ఇంట్లో రిమోట్ లాగిన్‌తో మళ్లీ కొట్టండి. ఇంటి దగ్గర పనిచేయకపోతే మర్నాడే లైబ్రరీకి చెప్పండి. అప్పటికి వాళ్లకి మీ ముఖం గుర్తుంటుంది.

రెండో రోజు: వచ్చిన ఫలితాల్లో ఇరవై శీర్షికలు, సారాంశాలు మాత్రం చదవండి. అయిదు ఉంచండి, పదిహేను తీసేయండి. ఉంచినవి జోటెరోలోకి, ఒక్కోదానికి రెండు వాక్యాల నోట్: ఇందులో ఏముంది, నాకెందుకు. రెండో వాక్యం రాయలేకపోతే ఆ పేపర్ కూడా తీసేయండి.

మూడో రోజు: ఆ అయిదింటితో ఒకే ఒక్క పేరా రాసి గైడ్‌కి పంపండి. "సార్, వర్క్‌షాప్ తర్వాత ఇలా రాశాను, సరైన దారిలోనే ఉన్నానా?" అని. పేరా దగ్గరే ఆగండి. చాప్టర్ పంపితే ఆయన చదవడానికి నెల పడుతుంది, పేరా అయితే లిఫ్ట్ ఎక్కుతూ కూడా చదివేస్తారు.